సిజేరియన్ తర్వాత తల్లిని కనిపెట్టి ఉండాల్సిన 42 రోజులు

మా చెల్లెలికి పాప పుట్టిన ఆరో రోజు సాయంత్రం. ఆస్పత్రి నుంచి పుట్టింటికి వచ్చి రెండు రోజులైంది. వాకిట్లో చుట్టాల చెప్పులు, పెరట్లో ఆరేసిన పొత్తిగుడ్డలు. పాపది ఎవరి పోలికో తేల్చే పనిలో ఇంటిల్లిపాదీ ఉన్నాం. "అక్కా, పొద్దుటి నుంచి తల పగిలిపోతోందే" అంది చెల్లి మెల్లిగా. "నిద్ర చాలక అయ్యుంటుంది" అన్నాను. "చెవుల్లో దూది తీసేసిందిగా, గాలి తగిలింది" అంది పెద్దమ్మ, తలకు గుడ్డ ఇంకాస్త బిగించి కడుతూ. రాత్రి ఎనిమిదింటికి చెల్లి మళ్ళీ పిలిచింది. గోడ గడియారం వైపు చూపించి, "అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి" అంది. నాన్న బీపీ మిషన్ పక్క గదిలోనే ఉంది. అన్ని రోజుల్లో దాన్ని ఆమె చేతికి చుట్టాలని మాలో ఒక్కరికీ తోచలేదు. చుట్టి చూస్తే 170/110.

ఆ రాత్రే ఆస్పత్రికి పరుగెత్తాం. కోలుకుంది. పాపకిప్పుడు నాలుగేళ్ళు. నన్ను మాత్రం ఒక సంగతి ఇప్పటికీ వదల్లేదు. పాప ఒళ్ళు వేడిగా ఉందేమోనని రోజుకు పదిసార్లు తాకి చూశాం. ఎన్ని గుడ్డలు తడిపిందో లెక్కపెట్టాం. కడుపు కోసి కుట్టిన మనిషిని "బానే ఉందిగా" అనుకుని వదిలేశాం.

సిజేరియన్ అయిన తల్లి ఒకే మంచం మీద బాలింత, ఆపరేషన్ అయిన పేషెంటు కూడా. బాలింతను చూసుకోవడం మన ఇళ్ళకు తరతరాలుగా తెలుసు. కానీ ఆ పద్ధతులన్నీ ఇంట్లో, నొప్పులొచ్చి కన్నవాళ్ళ కోసం పుట్టినవి. ఆపరేషన్ అయిన ఒంటికి వాటిలో కొన్ని మేలు చేస్తాయి, కొన్ని కీడు చేస్తాయి. ఏది ఏదో విడదీసి తెలుసుకోవడమే ఇప్పుడు మనకు కావలసింది.

ఇది మన ఇంటింటి సంగతి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద వంద కాన్పుల్లో సుమారు 21 సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42. తెలంగాణలో దాదాపు 61, రాష్ట్రాలన్నిటిలోకీ అదే ఎక్కువ. ఇందులో అవసరమైనవెన్ని, అక్కర్లేనివెన్ని అన్న చర్చ గట్టిగా జరగాల్సిందే. అయితే ఆపరేషన్ అయిపోయి ఇంటికొచ్చిన తల్లి ముందు ఆ చర్చ పెట్టకండి. "నొప్పులు పడకుండా కనేసింది" అన్న మాట అసలే వద్దు. ఆమె పడే నొప్పి కాన్పయ్యాక మొదలవుతుంది.

కోత ఎంత లోతు

బయటికి కనిపించేది పొత్తికడుపు కింద జానెడు లోపు గీత. దాని వెనక చాలా పొరలున్నాయి. చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద పొట్ట కండరాలను కప్పి ఉంచే గట్టి పొర కోస్తారు. కండరాలను సాధారణంగా కోయరు, రెండు పక్కలకూ జరుపుతారు. తర్వాత పేగులను కప్పి ఉంచే పల్చటి పొర, చివరికి గర్భసంచి. బిడ్డను, మాయను బయటికి తీశాక లోపలి నుంచి ఒక్కొక్కటీ కుట్టుకుంటూ వస్తారు.

పైచర్మం వారం పది రోజుల్లో అతుక్కుంటుంది. చూసేవాళ్ళకు "మానిపోయింది" అనిపిస్తుంది. లోపలి గట్టి పొర సత్తువ తెచ్చుకోవడానికి మాత్రం ఆరు వారాలు చాలవు, నెలలు పడుతుంది. ఆరు వారాల దాకా బిడ్డ కన్నా బరువైనదేదీ ఎత్తవద్దని చెప్పేది అందుకే. నిండు బకెట్టు, గ్యాస్ సిలిండరు, తడి బట్టల బుట్ట, చంకెక్కుతానని మారాం చేసే పెద్దపిల్లాడు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పెద్దపిల్లాణ్ణి ఎత్తుకోలేకపోతే పక్కన కూర్చోబెట్టుకుని దగ్గరికి తీసుకోవచ్చు.

కాన్పు కాగానే కిలో దాకా బరువుండే గర్భసంచి ఆరు వారాల్లో మళ్ళీ 60, 70 గ్రాములకు కుంచించుకుపోతుంది. బిడ్డ పాలు తాగుతుంటే పొత్తికడుపులో మెలిపెట్టినట్టుండేది ఇందుకే. ఆ నొప్పి మంచిదే. ఆపరేషన్ అయినా కింద నుంచి రక్తం పోతుంది. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, పదో రోజు దాటాక లేత పసుపు తెలుపుగా, నాలుగు నుంచి ఆరు వారాల దాకా కనిపించవచ్చు. కోత చుట్టూ కొన్ని నెలలు తిమ్మిరిగా, స్పర్శ లేనట్టు ఉంటుంది. చర్మంలోని సన్నటి నరాలు తెగడం వల్ల వచ్చేదే అది. నెమ్మదిగా చాలా వరకు తగ్గుతుంది.

మొదటిసారి మంచం దిగేటప్పుడు

నర్సు వచ్చి "లేవమ్మా, నడవాలి" అంటే తల్లికి గుండె జారిపోతుంది. కుట్లు ఊడిపోతాయేమోనని భయం. పక్కనున్న అమ్మకో అత్తకో ఇంకా భయం. "రేపు లేస్తుందిలెండి" అని బతిమాలతారు. బతిమాలకండి. మత్తు దిగి కాళ్ళకు పట్టు చిక్కాక, వైద్యులు చెప్పిన గంటకు లేవడమే ఆమెకు రక్ష.

లేవడానికో పద్ధతి ఉంది. వెల్లకిలా పడుకున్నది పడుకున్నట్టు తల ఎత్తి లేవబోతే భారమంతా కోత మీద పడుతుంది. ముందు మోకాళ్ళు ముడవాలి. మోకాళ్ళూ భుజాలూ కలిపి ఒక్కసారే పక్కకు ఒత్తిగిలాలి. కాళ్ళు మంచం అంచు నుంచి కిందికి జార్చి, మోచేతిని, రెండో అరచేతిని పరుపుకు ఆనించి పైకి లేవాలి. లేచి రెండు నిమిషాలు కూర్చోవాలి. కళ్ళు తిరగడం లేదనుకున్నాకే నిలబడాలి. పక్కన ఒక మనిషి ఉండాలి. పది అడుగులు వేసినా ఆ పూటకు చాలు. దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా, నవ్వొచ్చినా చిన్న దిండు కోతకు అదిమి పట్టుకుంటే సగం నొప్పి దిండే తీసుకుంటుంది.

ఇంత పట్టు ఎందుకంటే, కాన్పు సమయంలో రక్తం త్వరగా గడ్డకట్టేలా ఒళ్ళు మారుతుంది. ఎక్కువ రక్తం పోకుండా ప్రకృతి పెట్టుకున్న కాపలా అది. కదలకుండా పడుకుంటే ఆ గుణమే కాలి సిరల్లో గడ్డలు కట్టిస్తుంది. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. సిజేరియన్ అయినవాళ్ళకు ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ.

నీళ్ళు, పథ్యం, నడికట్టు

"నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లకు చీము పడుతుంది", "పొట్ట జారుతుంది" అని బాలింతకు గుటకలు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కుట్లకు చీము పట్టించేవి సూక్ష్మక్రిములు, తాగే నీళ్ళు కావు. నీళ్ళు తగ్గితే మలం గట్టిపడుతుంది, ముక్కితే కోత లాగుతుంది, మూత్రంలో మంట పుడుతుంది, రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. పాలిచ్చే తల్లికి దాహం మామూలు కన్నా ఎక్కువే. దాహమైనంత తాగనివ్వండి. పాలిచ్చేటప్పుడు చేతికందేలా చెంబు పెట్టండి.

పథ్యంలో మంచివి చాలా ఉన్నాయి. వెల్లుల్లి కారం, తెలగపిండి కూర, మునగాకు, పెసరకట్టు వేడి వేడి అన్నంతో పెట్టడం ఆప్యాయత, ఆహారం కూడా. చిక్కు వచ్చేది పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర, పండు అన్నీ మాన్పించి కారప్పొడి అన్నంతో నెల గడిపించినప్పుడు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా అవసరం. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి. టీ, కాఫీలతో కలిపి వేసుకుంటే ఆ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

నడికట్టు వదులుగా, నడిచేటప్పుడు ఆసరాగా ఉంటే హాయినిస్తుంది. ఊపిరి ఆడనంత బిగిస్తే పొట్ట లోపలికి పోదు, కోత దగ్గర చెమట పట్టి చర్మం నానుతుంది. ఒళ్ళు బరువున్నవాళ్ళకు పొట్ట మడత కోతను కప్పేస్తుంది. స్నానమయ్యాక ఆ మడత ఎత్తి, మెత్తటి శుభ్రమైన గుడ్డతో అద్ది, ఆరనివ్వాలి. పసుపు, పౌడరు, కొబ్బరినూనె, ఆకు పసరు, ఏదీ పచ్చి కోత మీద పెట్టవద్దు. కోతను తాకే చేతులు కూడా శుభ్రంగా ఉండాలి. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కాన్పు చేసేముందు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోవాలని నియమం పెడితే బాలింతల జ్వరాల చావులు ఒక్కసారిగా తగ్గాయి. బిడ్డను ఎత్తుకునేవాళ్ళ దగ్గర్నుంచి కోత తుడిచేవాళ్ళ దాకా అందరికీ ఆ పాఠం నేటికీ వర్తిస్తుంది.

మత్తు సూది మీద నింద

"వెన్నులో సూది వేశారు, ఇక జన్మంతా నడుంనొప్పే" అన్నమాట వినని ఇల్లు లేదు. సూది పొడిచిన చోట కొద్దిరోజులు సలుపు ఉండొచ్చు. ఏళ్ళ తరబడి వేధించే నడుంనొప్పికి మాత్రం ఆ సూది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. తొమ్మిది నెలలు సాగిపోయిన పొట్ట కండరాలు నడుముకు ఆసరా ఇవ్వలేకపోవడం, గంటల తరబడి వంగి పాలివ్వడం, కింద కూర్చుని బిడ్డకు స్నానం చేయించడం, ఇవి అసలు కారణాలు. వీపు వెనక దిండు పెట్టుకుని, బిడ్డను రొమ్ము ఎత్తుకు తెచ్చుకోవాలి. ఆరు వారాల తర్వాత వైద్యుల సలహాతో పొట్ట, నడుము వ్యాయామాలు మొదలుపెట్టాలి. నింద సూది మీద పెట్టి ఊరుకుంటే నొప్పి అలాగే ఉండిపోతుంది.

ఆ సూదితో నిజంగా రాగల ఇబ్బంది ఇంకొకటి ఉంది. మొదటి మూడు నాలుగు రోజుల్లో, కూర్చుంటే భరించలేనంతగా వచ్చి, పడుకుంటే తగ్గే తలనొప్పి. దానికి చికిత్స ఉంది, ఆస్పత్రిలో చెప్పాలి.

ఇంటికొచ్చాక పొంచి ఉండేవి

ముందుగా బీపీ. బిడ్డ పుట్టేసింది కాబట్టి బీపీ గొడవ తీరినట్టే అనుకుంటాం. నిజానికి కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు రోజుల మధ్య బీపీ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే డిశ్చార్జి చేసి ఇంటికి పంపుతారు. గర్భంతో ఉన్నప్పుడు ఏ బీపీ లేనివాళ్ళకు కూడా ఆరు వారాల లోపు ఇది రావచ్చు. 140/90 దాటితే వైద్యులకు చెప్పాలి. 160/110 దాటితే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, మెరుపులు కనిపించడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ముఖం ఉబ్బడం దాని గుర్తులు. పట్టించుకోకపోతే మూర్ఛలు వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అన్నది దీన్నే. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ కాలయాపన చేసేది కూడా దీని దగ్గరే. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్‌తో ఈ మూర్ఛలను ఆపవచ్చు, వేళకు చేరితే.

రెండోది రక్తస్రావం. ఎరుపు తగ్గిన రక్తం మళ్ళీ ఉన్నట్టుండి ధారగా మొదలవడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం, కోడిగుడ్డంత గడ్డలు పడటం మామూలు కాదు. మాయ ముక్క మిగిలిపోయినా, గర్భసంచి బిగుసుకోకపోయినా, లోపల చీము పట్టినా ఇలా జరుగుతుంది. "చెడు రక్తం పోనీలే" అన్న మాట ఇక్కడ ప్రాణం తీస్తుంది.

మూడోది చీము, జ్వరం. కోత చుట్టూ ఎర్రబడి వేడెక్కడం, రోజురోజుకూ నొప్పి పెరగడం, చీము కారడం, కుట్టు విడిపోవడం ఒక రకం. పైకి కోత శుభ్రంగానే ఉండి, కింద నుంచి దుర్వాసనతో స్రావం, పొత్తికడుపు నొప్పి, చలిజ్వరం ఉంటే గర్భసంచిలో ఇన్ఫెక్షన్ కావచ్చు. 100.4 డిగ్రీలు దాటిన జ్వరాన్ని "పాల జ్వరం" అని పేరు పెట్టి డోలో మాత్రతో దాటవేయకండి.

నాలుగోది ఇందాక చెప్పిన రక్తపు గడ్డ. రెండు కాళ్ళూ సమానంగా ఉబ్బితే చాలావరకు కొద్దిరోజుల్లో తగ్గే వాపే. ఒక్క కాలి పిక్క మాత్రమే ఉబ్బి, ఎర్రబడి, నొక్కితే నొప్పి పెడితే అనుమానించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి వస్తే ఇక ఆలోచించేదేమీ లేదు, 108కి ఫోన్ చేయాలి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం పెరుగుతుంటే గుండె కండరం బలహీనపడిందేమో కూడా చూడాలి. కాన్పు తర్వాత కొన్ని నెలల దాకా అది రావచ్చు.

పాలు, మనసు

సిజేరియన్ అయినవాళ్ళకు పాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పడొచ్చు. అంతలోనే "నీకు పాలు లేవు" అని డబ్బా పాలు తెప్పించకండి. మొదటి రోజుల్లో చెంచాడు ముర్రుపాలే బిడ్డకు సరిపోతాయి. బిడ్డ చప్పరిస్తేనే పాలు ఊరతాయి. కోత మీద భారం పడకుండా పక్కకు ఒత్తిగిలి ఇవ్వొచ్చు, లేదా బిడ్డ కాళ్ళు తల్లి చంక కిందికి వెనక్కి వెళ్ళేలా పట్టుకుని ఇవ్వొచ్చు. రొమ్ములో ఒకచోట గడ్డకట్టి, ఎర్రబడి, జ్వరం వస్తే పాలివ్వడం ఆపకూడదు. వైద్యులకు చూపించాలి.

మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం చాలామందిలో ఉంటుంది. రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్రపట్టకపోతే, దేని మీదా ఇష్టం లేకపోతే, "నేను మంచి తల్లిని కాను" అని పదేపదే అంటుంటే అది జబ్బు. 1987లో బ్రిటన్‌లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నలతో దాన్ని గుర్తిస్తారు. మాటలతో, మందులతో నయమవుతుంది. పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి. వెయ్యి మందిలో ఒకరిద్దరికి, మొదటి రెండు మూడు వారాల్లో, లేని మాటలు వినిపించడం, వింత అనుమానాలు, బిడ్డకు హాని చేయాలన్న ఆలోచన వస్తాయి. దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరికి తిప్పే సమయం కాదది. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

హక్కుగా అందేవి, అడగాల్సినవి

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాస్పత్రిలో సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, ఏడు రోజుల వరకు భోజనం, ఇంటికి చేర్చే బండి, అన్నీ ఉచితం. ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. బిడ్డను తూచి వెళ్ళిపోబోతుంటే "అమ్మాయి బీపీ కూడా ఏఎన్ఎంతో చూపించమ్మా" అని అడగండి.

ఆరు వారాల చెకప్‌కు బిడ్డ టీకా పేరుతో వెళ్ళి తల్లిని చూపించకుండా వచ్చేసేవాళ్ళే ఎక్కువ. ఆ రోజు కోత, బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి. గర్భనిరోధం గురించీ అప్పుడే మాట్లాడాలి. నెలసరి మళ్ళీ మొదలవకముందే గర్భం రావచ్చు. గర్భసంచి కుట్టు గట్టిపడటానికి మళ్ళీ గర్భం దాల్చే ముందు కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్ళు ఎడం ఉండాలి. మొదటిది సిజేరియన్ అయితే రెండోదీ అదే కావాలన్న నియమం లేదు. మొదటి కోత ఎందుకు పెట్టారో, గర్భసంచి మీద ఏ దిశలో పెట్టారో బట్టి నిర్ణయిస్తారు. అందుకే డిశ్చార్జి కాగితం పారేయకుండా దాచుకోవాలి.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి

• తగ్గని తలనొప్పి, చూపు మసక, మూర్ఛ
• గంటకో ప్యాడ్ తడిపే రక్తస్రావం, పెద్ద గడ్డలు
• 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసన, కోత నుంచి చీము
• ఒక కాలికే వాపు, నొప్పి
• ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం
• మూత్రం రాకపోవడం, పొట్ట ఉబ్బి వాంతులు
• చనిపోవాలన్న లేదా బిడ్డను ఏదైనా చేయాలన్న ఆలోచన

ఆస్పత్రిలో అడుగు పెట్టగానే "ఇన్ని రోజుల క్రితం సిజేరియన్ అయింది" అన్న మాట ముందు చెప్పండి. ఎదుటి వైద్యుడు వెతకాల్సిన దారి ఆ ఒక్క మాటతో మారిపోతుంది.

పోయిన ఏడాది మా పిన్ని కూతురు పురిటికి వచ్చింది. తనకీ ఆపరేషనే. పాత ఉయ్యాలకు చీర కట్టి, పక్కన స్టూలు మీద నీళ్ళ చెంబు, నాన్న బీపీ మిషన్, ఒక నోటు పుస్తకం పెట్టింది మా చెల్లి. పుస్తకంలో ఎడమవైపు బిడ్డ పేజీ, కుడివైపు తల్లి పేజీ. పొద్దున్నా సాయంత్రం తల్లి బీపీ, జ్వరం రాసేది పెద్దమ్మే. ఒకరోజు రాయడం మరిచిపోయి పడుకుని, అర్ధరాత్రి గుర్తొచ్చి లేచి వచ్చింది. నిద్రపోతున్న పిల్ల చేతికి పట్టీ చుట్టి, అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో నన్ను లేపి మరీ చూపించుకుని, రాసుకుని వెళ్ళి పడుకుంది.